ఒకటో నంబరు నుంచి ఆరో నంబరుకు: గచ్చిబౌలి కేఫ్‌లో డారెన్ లాకియర్ మ్యాచ్‌ల ప్రదర్శనపై సమీక్ష

గచ్చిబౌలిలోని ఒక చిన్న స్పోర్ట్స్ కేఫ్ కొంతకాలంగా ఆదివారం సాయంత్రాలలో ఒక కార్యక్రమం నడుపుతోంది. ఒక ఆటగాణ్ని ఎంచుకుని, అతని పాత మ్యాచ్‌లను పెద్ద తెర మీద వేసి, అవసరమైన చోట ఆపి, వెనక్కి తిప్పి, అక్కడ ఏం జరిగిందో తెలుగులో వివరిస్తారు. ఈ విడతకు వాళ్లు ఎంచుకున్నది ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు డారెన్ లాకియర్‌ను. క్రికెట్ కాకుండా మరేది తెర మీద పెట్టినా జనం ఫోన్లలోకి తల దించుకునే నగరంలో, ఇక్కడ ఎవరూ ఆడని ఆటను, దశాబ్దం కిందటే విరమించుకున్న మనిషిని ఎంచుకోవడం సాహసమే అనాలి. కేఫ్ పేరు రాయవద్దని నిర్వాహకులే కోరారు. ఉన్న కొద్దిపాటి కుర్చీలు ఇప్పటికే నిండిపోతున్నాయని వాళ్ల భయం. గచ్చిబౌలి స్టేడియంలో సాయంత్రం పూట సాధన చేసే కుర్రవాళ్లను ఎవరినడిగినా దారి చెబుతారు కనుక పేరు లేకపోవడం వల్ల పాఠకులకు పెద్ద నష్టమేమీ లేదు.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఉండటం వల్ల ఇక్కడి యువతకు రగ్బీ అనే పేరు కొంత పరిచయమైంది గానీ, అది జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే రగ్బీ యూనియన్ రూపం. రగ్బీ లీగ్ వేరు. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లోనూ మిల్లుల్లోనూ పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే, ఆ పోయిన కూలిని క్లబ్బు చెల్లించవచ్చా లేదా అనే తగాదా ముదిరి, 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో జరిగిన సమావేశంతో విడిపోయిన శాఖ అది. జట్టుకు పదమూడుగురు. బంతి పట్టుకున్నవాణ్ని ఎదుటివాళ్లు పట్టుకుని ఆపడాన్ని టాకిల్ అంటారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు టాకిళ్ల వరకే అవకాశం. అందువల్ల ఐదో టాకిల్ పూర్తికాగానే బంతిని దూరంగా తన్నడం రివాజు. బంతిని ఎదుటివాళ్ల గోల్‌లైన్ అవతల నేలకు ఆనించడమే ట్రై; దానికి నాలుగు పాయింట్లు, దాని వెంట గోల్ స్తంభాల మధ్యకు కొట్టే కన్వర్షన్‌కు రెండు, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి కొట్టే ఫీల్డ్ గోల్‌కు ఈ మ్యాచ్‌ల కాలంలో ఒకటి. కేఫ్ వాళ్లు ఈ నియమాలన్నింటినీ ఒకే కాగితం మీద, తేటైన తెలుగులో అచ్చువేసి చేతికిస్తారు. ఆ కాగితం నిజంగా బాగుంది. ఆట తెలియని మనిషి మొదటి అర్ధభాగం ముగిసేసరికి దాన్ని మడిచి జేబులో పెట్టుకోగలడు.

లాకియర్‌ను ఎంచుకోవడానికి కారణం అతని గణాంకాలు కాదని వ్యాఖ్యాత మొదట్లోనే చెబుతారు. ఒకే మనిషి రెండు వేర్వేరు స్థానాల్లో ప్రపంచంలోకెల్లా మేటి అనిపించుకోవడమే ఈ విడత విషయం. ఏటా అంతర్జాతీయ స్థాయిలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే గోల్డెన్ బూట్ పురస్కారాన్ని అతడు 2003లో ఫుల్‌బ్యాక్‌గా, అంటే అందరికంటే వెనక నిలబడే ఒకటో నంబరు ఆటగాడిగా, 2006లో ఫైవ్‌ఎయిత్‌గా, అంటే వరుస నడుమ దాడిని నడిపే ఆరో నంబరు ఆటగాడిగా అందుకున్నాడు. ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పడం తేలిక, కళ్లకు కట్టించడం కష్టం. నిర్వాహకులు దానికి ఎంచుకున్న పద్ధతి ఏమిటంటే, మ్యాచ్‌లను సంవత్సరాల వరుసలో వేయకుండా జతలుగా వేయడం: ఒక ఆదివారం ముందు భాగంలో ఫుల్‌బ్యాక్ లాకియర్, విరామం తర్వాత ఫైవ్‌ఎయిత్ లాకియర్. పుట్టుక నుంచి పదవీ విరమణ దాకా చెప్పుకుంటూపోయే జీవితచరిత్ర ధోరణికి అలవాటుపడినవాళ్లకు ఇది మొదట చికాకు కలిగిస్తుంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు విరామంలో లేచి, ఏ ఏడు ముందు ఏ ఏడు తర్వాత అని గట్టిగానే అడిగారు. అయినా ఈ కార్యక్రమానికి ఉన్న బలమంతా ఈ జతల పద్ధతిలోనే ఉందని, దాన్ని పక్కన పెట్టిన చోటల్లా కార్యక్రమం చప్పబడిందని నా అభిప్రాయం.

ఈ రెండు స్థానాల తేడాను వివరించడానికి వ్యాఖ్యాత వాడే సాధనం ఒక పాత క్యారమ్ బోర్డు. దాన్ని బల్ల మీద పెట్టి, తెల్ల కాయిన్లను దాడి చేసే జట్టుగా, నల్ల కాయిన్లను అడ్డుకునే జట్టుగా పేర్చి, రెడ్‌ను లాకియర్ అంటారు. క్యారమ్‌లో రంగుకు తొమ్మిదే కాయిన్లు గనుక అంచుల్లో పరిగెత్తే వింగర్లనూ మధ్యలో ఢీకొనే కొందరు ఫార్వర్డ్‌లనూ ఊహించుకోవలసిందే. మొదట రెడ్‌ను అందరికంటే వెనక, దాదాపు పాకెట్ల మధ్య పెడతారు. అది ఒకటో నంబరు జెర్సీ, ఫుల్‌బ్యాక్ చోటు. ఎదుటివాళ్లు తన్నిన బంతిని గాలిలోనే పట్టుకోవడం, రక్షణ వరుసను దాటి దూసుకొచ్చినవాణ్ని ఒంటరిగా ఆపడం, తన జట్టు దాడికి దిగినప్పుడు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి ఎవరూ లెక్కలో వేసుకోని అదనపు మనిషిగా వరసలో కలవడం అతని పని. తర్వాత రెడ్‌ను వేలితో ముందుకు జరిపి తెల్ల కాయిన్ల వరస నడుమ నిలబెట్టి, “గిప్పుడు సూడుండ్రి, రెడ్‌కు ముంగట ఎంత జాగ మిగిలిందో,” అంటారు. నల్ల కాయిన్లు రెండు వేళ్ల ఎడంలో ఉంటాయి. అది ఆరో నంబరు. అక్కడ ఆలోచించడానికి వ్యవధి ఉండదు. బంతి అందిన క్షణంలోనే ఇవ్వాలా, తన్నాలా, తానే పరుగెత్తాలా అన్నది తేలిపోవాలి. పైగా రక్షణలో ముందు వరుసలో నిలబడాలి గనుక, నూరు కిలోలు దాటిన ఫార్వర్డ్‌లు పనిగట్టుకుని అతని మీదికే పరుగెత్తుకొస్తారు. పుస్తకాల్లో పేజీలు పట్టే వివరణను ఆ ఎర్ర కాయిన్ అంత తొందరగా చెప్పేస్తుందని నేను అనుకోలేదు.

ఫుల్‌బ్యాక్ దశకు ఎంచుకున్న మ్యాచ్‌లు చక్కనివి. క్వీన్స్‌ల్యాండ్ లోతట్టు ఊళ్లలో పెరిగిన లాకియర్ 1995లో, ఇంకా ఇరవై నిండకముందే, వేన్ బెనెట్ శిక్షణలోని బ్రిస్బేన్ బ్రాంకోస్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. 1997లో సూపర్ లీగ్, 1998లో ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా క్లబ్బుల ప్రధాన లీగ్) టైటిళ్లు గెలిచిన జట్టులో సభ్యుడు. 1998లోనే స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో, అంటే క్వీన్స్‌ల్యాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు ఏటా మూడు మ్యాచ్‌లుగా తలపడే పోటీలో, అడుగుపెట్టాడు. ఆ తొలి మ్యాచ్ ఆఖరి నిమిషంలో సహచరుడు టోనీ క్యారల్ ట్రై చేశాక కూడా క్వీన్స్‌ల్యాండ్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. కన్వర్షన్ కొట్టవలసింది మొదటిసారి ఆ జెర్సీ తొడిగిన లాకియర్. కొట్టాడు, 24-23. తెర మీద ఆ కిక్‌కు ముందు అతను బంతిని నిలబెట్టే తీరును వ్యాఖ్యాత రెండుసార్లు చూపించారు. మొహంలో కంగారు లేదు, తొందర లేదు. అదే మొహాన్ని ఆ తర్వాతి ఏళ్ల మ్యాచ్‌లలో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

2000లో ఎన్‌ఆర్‌ఎల్ టైటిల్ తేల్చే గ్రాండ్ ఫైనల్‌లో బ్రాంకోస్ సిడ్నీ రూస్టర్స్‌ను 14-6తో ఓడించినప్పుడు ఉత్తమ ఆటగాడికి ఇచ్చే క్లైవ్ చర్చిల్ పతకం లాకియర్‌కే వచ్చింది. అయితే నా దృష్టిలో ఫుల్‌బ్యాక్ దశకు అసలైన తార్కాణం 2003 చివర్లో ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల మధ్య బ్రిటన్‌లో జరిగిన రగ్బీ లీగ్ ఆషెస్ సిరీస్. అప్పటికి అతడు ఆస్ట్రేలియా కెప్టెన్. విగన్‌లో జరిగిన మొదటి టెస్టులో (దేశాల మధ్య మ్యాచ్‌ను ఈ ఆటలోనూ టెస్టు అనే అంటారు) ఆట మొదలైన పన్నెండో సెకనులోనే బ్రిటన్ ఆటగాడు ఏడ్రియన్ మోర్లీని రిఫరీ బయటికి పంపించేశాడు. అయినా పన్నెండుగురితోనే బ్రిటన్ చివరిదాకా గెలుపు అంచున నిలిచింది. ఆఖరి నిమిషాల్లో లాకియర్ చేసిన ట్రైతో ఆస్ట్రేలియా 22-18తో బయటపడింది. ఆ ట్రైను వ్యాఖ్యాత ప్రారంభం నుంచి కాకుండా అంతకుముందు రెండు టాకిళ్ల నుంచి చూపించారు. బంతి ఎక్కడో ఉంటుంది, కెమెరా దాని వెంటే పోతుంది. తెర అంచున ఒక మూల నుంచి మరో మూలకు, బంతికి సమాంతరంగా, ఒక మనిషి నెమ్మదిగా జరుగుతూ ఉంటాడు. బంతి చేతికందిన తర్వాత చేసిన పరుగు ఎవరైనా చూస్తారు. అంతకు ముందరి ఆ జరగడమే ఫుల్‌బ్యాక్ విద్య. ఆ సిరీస్‌ను ఆస్ట్రేలియా 3-0తో గెలిచింది. ఆ ఏడు గోల్డెన్ బూట్ అతనిదే.

ఇంత బాగా కుదురుకున్నవాణ్ని ఆ స్థానం నుంచి తీసేయడమేమిటన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 2004లో బ్రాంకోస్‌కు మంచి ఫైవ్‌ఎయిత్ కొరత ఏర్పడింది. మరోవైపు పాఠశాల ముగించుకుని వచ్చిన కార్మైకల్ హంట్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు ఫుల్‌బ్యాక్‌గా సిద్ధంగా ఉన్నాడు. బెనెట్ కుర్రవాణ్ని వెనక నిలబెట్టి, ఆస్ట్రేలియా కెప్టెన్‌గా ఉన్న ఇరవై ఏడేళ్ల లాకియర్‌ను ముందుకు జరిపాడు. ఇక్కడ ప్రేక్షకుల్లో ఒకరు, “మన లక్ష్మణ్‌ను ఓపెనర్ జేసినట్టే గదా అన్నా?” అన్నారు, హాలంతా నవ్వింది. ఆ పోలిక సగమే నిజమని నాకనిపించింది. లక్ష్మణ్ ఓపెనర్‌గా 2000 జనవరిలో సిడ్నీలో 167 పరుగులు చేసినా అతని మనసు మిడిల్ ఆర్డర్‌లోనే ఉండిపోయింది, చివరికి అక్కడికే తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు ఈడెన్ గార్డెన్స్‌లో చేసిన 281 మూడో స్థానంలో వచ్చిందే. లాకియర్ మాత్రం జరిగిన చోటే స్థిరపడి, విరమించేదాకా దాదాపు ఎనిమిది సీజన్లు ఆరో నంబరులోనే గడిపాడు. పాత పని మరిచిపోయి కొత్త పని నేర్చుకున్నాడా, లేక పాత పనినే కొత్త చోట చేశాడా అన్నది ఆ తర్వాతి ఆదివారాలన్నిటిలోనూ నడిచిన చర్చ.

మార్పు జరిగిన ఏడాది ముగిసేసరికే, ఆస్ట్రేలియా, బ్రిటన్, న్యూజిలాండ్ తలపడే ట్రై-నేషన్స్ పోటీ ఫైనల్ వచ్చింది. లీడ్స్‌లోని ఎలండ్ రోడ్‌లో బ్రిటన్ మీద ఆస్ట్రేలియా 44-4తో గెలిచింది. మొదటి అర్ధభాగానికే 38-0. ఏకపక్షంగా సాగిన మ్యాచ్ సాధారణంగా చూడటానికి విసుగు. దీన్ని మాత్రం పూర్తిగా వేయడం సరైన నిర్ణయం. లాకియర్ ఏ ఒక్క చర్యా గొప్పగా చేసినట్టు కనిపించదు. బంతి అతని దాకా వస్తుంది, ఒక లిప్త ఆగుతుంది, ఎదుటి వరుసలో ఒకరి పాదం తప్పు దిక్కుకు తిరుగుతుంది, బంతి మరొకరి చేతికి వెళ్లిపోతుంది. ఆ లిప్తపాటు ఆగడాన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమీ అర్థం కాదు. వెనక్కి తిప్పి, ధ్వని తీసేసి, అడ్డుకునేవాళ్ల కాళ్ల మీదే దృష్టి పెట్టి చూడమని వ్యాఖ్యాత చెప్పాక హాల్లో చిన్న కలకలం లేచింది. ఈ కార్యక్రమానికి పెట్టిన డబ్బు అక్కడ వసూలైపోయినట్టే.

అన్నిటిలోకీ మేలైన ఆదివారం 2006కు కేటాయించినది. ఆ ఏడు ఆరిజిన్ పోటీ నాటికి క్వీన్స్‌ల్యాండ్ వరుసగా మూడేళ్లు ఓడిపోయి ఉంది. మొదటి మ్యాచ్‌లో మళ్లీ ఒక్క పాయింటుతో ఓడింది, రెండోది గెలిచింది. జూలై 5న మెల్‌బోర్న్‌లో జరిగిన మూడో మ్యాచ్‌లో రెండో అర్ధభాగం మీద పడ్డాక కూడా 14-4తో వెనకబడి ఉంది. లాకియర్ సహచరుడు జాన్‌తన్ థర్స్టన్ ఎదుటి రక్షణ వరుసను ఛేదించుకుని వెళ్లి బ్రెంట్ టేట్‌తో ట్రై చేయించడంతో తేడా నాలుగుకు తగ్గింది. ఆ తర్వాత, చివరి పది నిమిషాల్లో, న్యూ సౌత్ వేల్స్ తమ గోల్‌లైన్ దగ్గరి నుంచి బంతిని బయటికి తెచ్చుకుంటుండగా వాళ్ల ఫుల్‌బ్యాక్ బ్రెట్ హాడ్జ్‌సన్ నేల మీది నుంచి ఇచ్చిన పాస్ ఎవరికీ అందలేదు. బంతి గడ్డి మీద దొర్లింది. లాకియర్ దాన్ని ఎత్తుకుని గోల్‌లైన్ దాటాడు. కన్వర్షన్‌తో 16-14. ఆ ఏడాదితో మొదలై 2013 దాకా క్వీన్స్‌ల్యాండ్ వరుసగా ఎనిమిది సిరీస్‌లు గెలిచింది.

అదృష్టం అని చెప్పి వదిలేయగల ఘట్టమిది. వ్యాఖ్యాత వదల్లేదు, అతని వాదన నాకు నచ్చింది. వదులుగా దొర్లే బంతి మీద కన్నేసి ఉంచడం, అది ఎటు ఎగురుతుందో ముందే పసిగట్టడం ఏళ్ల తరబడి ఫుల్‌బ్యాక్‌గా ఆడినవాడికి అబ్బిన అలవాటు. కానీ అతడు ఇంకా ఫుల్‌బ్యాక్‌గానే ఉండి ఉంటే ఆ బంతికి చాలా గజాల వెనక నిలబడి ఉండేవాడు. ఆ క్షణంలో అక్కడ ఉన్నది ఆరో నంబరు జెర్సీ, బంతిని చూసింది ఒకటో నంబరు కన్ను. విరామం తర్వాత నవంబరులో సిడ్నీలో జరిగిన ట్రై-నేషన్స్ ఫైనల్ వేసినప్పుడు అదే వాదన ఇంకా బలపడింది. న్యూజిలాండ్‌తో స్కోరు 12-12 దగ్గర ఆగి, ముందు ఎవరు స్కోరు చేస్తే వాళ్లదే గెలుపు అనే గోల్డెన్ పాయింట్‌లోకి వెళ్లిన మ్యాచ్ అది. థర్స్టన్ మైదానం పొడవునా పరుగెత్తాడు. అతని పక్కనే, పిలవకుండానే వచ్చి చేరినట్టు, లాకియర్ ఉన్నాడు. బంతి అందుకుని ట్రై చేశాడు. 16-12. ఎవరైనా రక్షణ వరుసను ఛేదిస్తే వెంట ఉండి తీరాలన్నది ఫుల్‌బ్యాక్‌కు నేర్పే మొదటి పాఠం. ఈ రెంటి మధ్యలో మెల్‌బోర్న్ స్టార్మ్ మీద బ్రాంకోస్ 15-8తో గెలిచిన గ్రాండ్ ఫైనల్ నుంచి చివర్లో అతను కొట్టిన ఫీల్డ్ గోల్ ఒక్కటే చూపించి ఊరుకున్నారు. అంతకుమించి అవసరం కూడా లేదు.

ఆ గ్రాండ్ ఫైనల్‌లో క్లైవ్ చర్చిల్ పతకం షాన్ బెరిగన్‌కు వచ్చింది. అతడు సెంటర్‌గా, హాఫ్‌గా ఆడి, ఆ ఏడు హుకర్‌గా మారినవాడు. బహుముఖ ప్రజ్ఞ అన్నప్పుడు చాలామంది మనసులో మెదిలేది ఇలాంటివాడే: జట్టులో ఎక్కడ ఖాళీ పడితే అక్కడికి పంపించగలిగిన మనిషి. లాకియర్ ఆ కోవలోకి రాడు, తన చోటికి వచ్చిన కార్మైకల్ హంట్ అసలే రాడు. హంట్ తర్వాత ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కూ రగ్బీ యూనియన్‌కూ వెళ్లి ఏకంగా ఆటలే మార్చేశాడు. ఈ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి ఒక సాయంత్రం నడిపి ఉంటే అద్భుతంగా ఉండేది. ఆ అవకాశాన్ని నిర్వాహకులు రెండు వాక్యాల్లో దాటేశారు.

లోపాల గురించి మాట్లాడవలసి వస్తే మొదట చెప్పవలసింది 2008 గురించే. ఆ ఏడాది ప్రపంచ కప్ ఫైనల్‌లో, బ్రిస్బేన్‌లోని లాకియర్ సొంత మైదానంలో, ఆస్ట్రేలియా న్యూజిలాండ్ చేతిలో 34-20తో ఓడిపోయింది. కెప్టెన్ లాకియర్ స్వయంగా రెండు ట్రైలు చేశాడు, అయినా ఓడారు. పైగా న్యూజిలాండ్ శిక్షకుడు స్టీఫెన్ కెర్నీకి సలహాదారుగా ఉన్నది మరెవరో కాదు, పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో లాకియర్‌ను చేరదీసి, ఫుల్‌బ్యాక్‌ను చేసి, ఫైవ్‌ఎయిత్‌ను చేసిన వేన్ బెనెట్. ఇంతకంటే రసవత్తరమైన మ్యాచ్ అతని జీవితంలో ఉందా? గురువు తయారుచేసిన మనిషిని ఎలా కట్టడి చేయాలో ఆ గురువుకే బాగా తెలుసునన్న కోణంలో చూస్తే, అతని రెండో స్థానంలోని బలహీనతలు కూడా బయటపడి ఉండేవి. కార్యక్రమంలో ఈ మ్యాచ్‌కు దక్కింది ఒక స్లయిడ్ మాత్రమే. 2010 ఫోర్ నేషన్స్ ఫైనల్‌ను, అదే మైదానంలో అదే ప్రత్యర్థి చేతిలో ఆఖరి క్షణాల్లో 16-12తో పోయినదాన్ని, అసలు ప్రస్తావించనేలేదు. అభిమానంతో చేసే కార్యక్రమంలో ఓటములను దాచాలనిపించడం అర్థం చేసుకోదగినదే. కానీ ప్రేక్షకులు డబ్బు చెల్లించి వచ్చింది ఆటను అర్థం చేసుకోవడానికి.

రెండో లోపం గణాంకాల ఆదివారం. బ్రాంకోస్ తరఫున 355 మ్యాచ్‌లు, క్వీన్స్‌ల్యాండ్ తరఫున 36 ఆరిజిన్ మ్యాచ్‌లు, ఆస్ట్రేలియా తరఫున 59 టెస్టులు, టెస్టుల్లో 35 ట్రైలు. మొదటి రెండు అంకెలు ఒకప్పుడు లీగ్‌లోనూ ఆరిజిన్‌లోనూ రికార్డులు; వాటిని తర్వాత మెల్‌బోర్న్ స్టార్మ్, క్వీన్స్‌ల్యాండ్ ఆటగాడు కామెరన్ స్మిత్ దాటేశాడు. ఇవన్నీ తెలుసుకోదగినవే, అయితే ఒక కాగితం మీద ఇస్తే సరిపోయే అంకెల కోసం గంటన్నర స్లయిడ్లు వేయడం దేనికో అర్థం కాలేదు. విరామం తర్వాత కుర్చీలు మూడో వంతు ఖాళీ అయ్యాయి. ఆ సాయంత్రం క్యారమ్ బోర్డు బల్ల కింద ఉండిపోయింది.

చివరి విడతగా వేసిన 2011 మ్యాచ్‌లతో కార్యక్రమం మళ్లీ గాడిలో పడింది. జూలైలో బ్రిస్బేన్‌లో జరిగిన అతని చివరి ఆరిజిన్ మ్యాచ్‌ను క్వీన్స్‌ల్యాండ్ 34-24తో గెలిచి సిరీస్ దక్కించుకుంది. సెప్టెంబరులో సెయింట్ జార్జ్ ఇలవారా మీద సెమీఫైనల్. ఆట ముగిసే దశలో సొంత జట్టు ఆటగాడు జెరార్డ్ బీల్ మోకాలు తగిలి లాకియర్ చెంప ఎముక విరిగింది. స్కోరు 12-12 వద్ద మ్యాచ్ గోల్డెన్ పాయింట్‌లోకి వెళ్లాక, ఆ విరిగిన ఎముకతోనే అతడు ఫీల్డ్ గోల్ కొట్టి గెలిపించాడు. ఎదుటి జట్టుకు అప్పుడు శిక్షకుడు బెనెట్. బ్రాంకోస్‌కు లాకియర్ ఆడిన చివరి మ్యాచ్ అదే అయింది. శస్త్రచికిత్స వల్ల మరుసటి వారం మ్యాన్లీతో ఆడలేకపోయాడు, జట్టు ఓడి ఇంటికి వెళ్లింది. ఆ కిక్‌ను దగ్గరి నుంచి చూపించినప్పుడు ఒక వైపు చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుని ఉండటం స్పష్టంగా కనబడుతుంది. మొహం మాత్రం 1998 నాటిదే.

నవంబరులో ఎలండ్ రోడ్‌లో ఇంగ్లండ్ మీద 30-8తో గెలిచిన ఫోర్ నేషన్స్ ఫైనల్ అతని ఆఖరి మ్యాచ్. ముగింపులో అతడే ట్రై చేశాడు, వీడ్కోలు కానుకగా కన్వర్షన్ కూడా అతన్నే కొట్టమన్నారు. గోల్ స్తంభాల ఎదుటి నుంచే కొట్టిన ఆ కిక్ ఎటో పోయింది. హాల్లో నవ్వులు. తెర మీద జట్టు సభ్యులూ నవ్వుతున్నారు, లాకియర్ కూడా. మ్యాచ్ అనంతరం అతడు మాట్లాడినప్పుడు, గొంతుకు ఎప్పుడో తగిలిన దెబ్బ వల్ల శాశ్వతంగా బొంగురుపోయిన ఆ కంఠంలో నుంచి వచ్చే ఆస్ట్రేలియా యాస ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అక్కడ తెలుగు ఉపశీర్షికలు వేయవలసింది.

ఇక సదుపాయాల సంగతి. తెర పెద్దది, బొమ్మ స్పష్టంగా ఉంది. తొంభైల నాటి మ్యాచ్‌లు మాత్రం సహజంగానే మసకగా ఉంటాయి. ధ్వని విషయంలో శ్రద్ధ చాలదు. ఆంగ్ల వ్యాఖ్యానమూ తెలుగు వివరణా ఒకదాని మీద ఒకటి పడి రెండూ వినబడని సందర్భాలు ప్రతి వారం ఉన్నాయి. ఒక మైకు, వివరణ సమయంలో తెర ధ్వని తగ్గించడానికి ఒక మనిషి ఉంటే సమస్య తీరిపోతుంది. టికెట్ ధరలోనే ఒక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కలిపి ఇస్తారు. చాయ్ చిక్కగా, వేడిగా ఉంటుంది. విడిగా కొనే లుఖ్మీలు మొదటి విడత తెచ్చినప్పుడే తినాలి. రెండో విడత అప్పటికే చల్లారి, అంచులు గట్టిపడి ఉంటాయి. ఫ్రెంచ్ ఫ్రైస్ జోలికి పోనక్కర్లేదు. కారు నిలపడానికి చోటు లేదు, పక్క వీధిలో నిలిపితే అక్కడి కాపలాదారుతో వాదన తప్పదు. మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి అక్కడి నుంచి ఆటో పట్టుకోవడం మేలు. తిరుగు ప్రయాణంలో, ఆదివారం రాత్రి కావడం వల్ల, ఆటోలు అడిగే ధర ముందే మాట్లాడుకోవాలి.

పిల్లలను తీసుకెళ్లవచ్చా అని అడిగేవాళ్లకు: పదేళ్లు దాటినవాళ్లకు ఇబ్బంది లేదు. రక్షణ కవచాలు లేకుండా ఢీకొనే ఆట కనుక కొన్ని దృశ్యాలు గట్టిగానే ఉంటాయి, చెంప ఎముక విరిగిన ఘట్టాన్ని నాలుగైదుసార్లు తిప్పి చూపించారు కూడా. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్లు ముందు వరుసల్లో కూర్చుని అడిగిన ప్రశ్నలు పెద్దల ప్రశ్నలకంటే పదునుగా ఉన్నాయి. వాళ్లకు వ్యాఖ్యాత ఓపికగా, చిన్నచూపు లేకుండా సమాధానమిస్తారు. ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని చేత్తో ముందుకు విసరడం, ఎందుకు నిషిద్ధమో అడిగిన ఒక పిల్లవాడికి క్యారమ్ బోర్డు అప్పగించి అతని చేతే ఆడించిన తీరు చూడముచ్చటగా ఉంది.

ఇదే విడతను కొద్ది మార్పులతో మళ్లీ వేస్తామని, 2008 ఫైనల్‌ను ఈసారి పూర్తిగా చేర్చే ఆలోచన ఉందని నిర్వాహకులు చెప్పారు. వెళ్లదలచినవాళ్లు ముందు రోజే ఫోన్ చేసి చోటు చెప్పుకోవాలి. హాలుకు ఎడమ వైపు మూడో వరుసలో ఒక లావుపాటి స్తంభం ఉంది, దాని వెనక మూడు కుర్చీల నుంచి తెరలో సగమే కనిపిస్తుంది కనుక కుడి వైపు అడిగి తీసుకోవడం మంచిది.